మా బావ, ఒక చాడీల పెట్టె

మా బావకు ఊళ్ళో దారులన్నీ తెలుసు. వాటి పేర్లు మాత్రం తెలియవు. బోర్డు మీద రాసిన వీధి పేరు చెబితే తల గోక్కుంటాడు. అదే "కుక్క కరిచిన సందు" అనండి, ఎదురుగా లారీ వస్తున్నా పక్కనించి దూర్చి తీసుకెళ్ళి దింపుతాడు. ఆ కుక్క పోయి పాతికేళ్ళయింది. సందుకు పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ముప్పై ఏళ్ళుగా ఐసు ఫ్యాక్టరీ వ్యాను నడుపుతున్నాడు బావ. నేను ఆ వ్యానుకే కూలీని. పొద్దున్నే డబ్బాల్లోంచి దిమ్మలు తీసి, కొక్కెంతో లాగి, వ్యాన్లోకి ఎక్కించి, మీద ఊక పోసి, గోనె సంచులు కప్పడం నా పని. తర్వాత ఎడమ పక్క సీట్లో కూర్చుని, అడ్డొచ్చే స్కూటర్ల వాళ్ళను కిటికీలోంచి కేకేయడం కూడా నా పనే. సాయంత్రానికి నా నడుం నాది కాదు. బావ మటుకు అప్పుడే స్నానం చేసి వచ్చిన పెళ్ళికొడుకులా ఉంటాడు. "కూర్చుని చేసే పనిరా బామ్మర్దీ, కష్టమంతా తొడల్లో ఉంటుంది, నీకు కనపడదు" అంటాడు.

బావ బడి గడప తొక్కలేదు. నేను తొక్కి, ఐదో క్లాసులో దిగిపోయాను. అందుకని చదివే పని ఏదైనా ఉంటే నాది. కానీ ఆ అవసరం ఎప్పుడో గానీ వచ్చేది కాదు. బావ లెక్కలో ఈ ఊరంతా ఆయనకు జరిగిన ముచ్చట్లతోనే కట్టి ఉంది. టైరు పేలిన మలుపు. గొడుగు మర్చిపోయిన స్టాపు. మా అక్క అలిగి దిగిపోయిన వంతెన. పెళ్ళయిన కొత్తలో ఆయన ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు. అక్క వంతెన మధ్యలో వ్యాను దిగి ఇంటిదాకా నడిచింది. ఆయన వెనకాలే మొదటి గేర్లో వచ్చాడు. ఇప్పటికీ ఆ వంతెన మీద బావ గేరు తగ్గిస్తాడు. ఎందుకు బావా అంటే, బండికి అలవాటైపోయిందిరా అంటాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఐసు బండి కదిలిందంటే వెనక తలుపు కిందనించి నీళ్ళు కారుతూనే ఉంటాయి. మేం వెళ్ళిన దారి పొడుగునా సన్నగా తడి చారిక పడుతుంది. ఎండలో పది నిమిషాలకు ఆరిపోతుంది. బావ పక్క అద్దంలోంచి దాన్ని చూసుకుని మురిసిపోతాడు. "మన సంతకంరా" అంటాడు. సంతకం పెట్టడం రాని మనిషికి అదొక సరదా.

ఇలా నడుస్తున్న బతుకులో కొత్త టౌను వచ్చిపడింది.

హైవే అవతల బీడు భూముల్లో పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నాయి. అక్కడి పునాదులకు పోసే కాంక్రీటు ఎండాకాలం వేడెక్కి పగుళ్ళిస్తుందట. అందుకని కాంక్రీటు కలిపేటప్పుడు నీళ్ళతో పాటు ఐసు నలగ్గొట్టి వేస్తారు. మనుషుల గొంతులోకి వెళ్ళే ఐసు కంటే బిల్డింగు కడుపులోకి వెళ్ళేదే ఎక్కువ. మా ఫ్యాక్టరీకి ఆ పని దొరికింది. దొరికిన మొదటి రోజే మేం దారి తప్పాం.

తప్పకేం చేస్తాం. అక్కడ ఏ రోడ్డు చూసినా తెల్లగా, వెడల్పుగా, కొత్తగా ఉంది. ప్రతి రోడ్డూ వెళ్ళి ఓ రౌండు సర్కిల్లో కలుస్తుంది. ప్రతి సర్కిల్లోనూ ఒకే రకం గడ్డి, ఒకే రకం దీపాల స్తంభం. నాలుగు పక్కలా నాలుగు రోడ్లు, నాలుగూ కవల పిల్లల్లా. బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"ఏంటి బావా, ఎటు?"

"ఎటని చెప్పనురా. ఇక్కడ నన్ను ఇంకా ఏ కుక్కా కరవలేదు."

గంటన్నర తిరిగాం. గేదెలా ఎక్కిన దిమ్మ మేకలా దిగింది. అక్కడి ఇంజినీరు దాన్ని చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ దాన్ని చూసి, "మిగతాది ఎవరు తాగారు?" అని అడిగాడు. రెండోసారి వెళ్ళినప్పుడు మేక కూడా కాదు, ఇంచుమించు కుందేలు దిగింది. ఈసారి ఆయన నేరుగా ఫోన్ తీసి మా యజమానురాలితో మాట్లాడాడు.

మా యజమానురాలు చిన్నదే. తండ్రి పోయాక ఫ్యాక్టరీ చూసుకుంటోంది. తండ్రి హయాంనించీ ఉన్నాడని మా బావను "బాబాయ్" అంటుంది. గురువారం పొద్దున మమ్మల్ని ఆఫీసు గదిలోకి పిలిచింది.

"బాబాయ్, నాన్నగారి రోజుల్నించీ ఉన్నారు. మీకు నేను చెప్పేదాన్ని కాదు" అంది.

ఇలా మొదలుపెట్టిందంటే పెద్దదేదో చెప్పబోతోందని మాకు తెలిసిపోయింది.

"సోమవారం వాళ్ళకి పెద్ద పునాది ఉంది. నలభై దిమ్మలు పొద్దున తొమ్మిదింటికల్లా అక్కడ దిగాలి. దిగితే సరే. దిగకపోతే మంగళవారం నించి పెద్ద వ్యాను తుమ్మెదకిస్తాను. మీరు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే బళ్ళకి చీటీలు చింపి ఇద్దురుగాని. నీడపట్టున ఉంటారు. వయసు కూడా అయింది కదా."

తుమ్మెద అంటే మా రెండో వ్యాను డ్రైవరు. చెవుల్లో ఎప్పుడూ ఏదో పెట్టుకుని జుమ్మని పాడుతుంటాడు, అందుకని ఆ పేరు. చేతిలో పెద్ద ఫోను ఉంటుంది, దారంతా అదే చెబుతుంది. మా బావకూ ఫోన్లుండేవి. మూడు ఫోన్లు వరసగా ఐసు నీళ్ళలో పడి చచ్చాయి. నాలుగోది మా అక్క కొననివ్వలేదు.

యజమానురాలు సొరుగులోంచి ఓ పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. సబ్బు పెట్టెంత ఉంది. చుట్టూ నల్ల రబ్బరు, మధ్యలో అరచేయంత అద్దం. "జీపీఎస్. బళ్ళ సామాన్ల షాపులో పాత సరుకు తీసేస్తుంటే చౌకగా దొరికింది. నీళ్ళలో పడ్డా ఏమీ కాదట. దారి అదే చెబుతుంది, మీరు తిప్పడమే" అంది.

బయటికొచ్చాక బావ పెట్టె వైపు చూడలేదు. గేటు దగ్గరున్న కుర్చీ వైపు చూశాడు. ప్లాస్టిక్ కుర్చీ, ఓ కాలు పొట్టి, కింద ఇటుక ముక్క. అంతకుముందు అందులో కూర్చున్నది కూడా ఒకప్పటి డ్రైవరే. మొదటి నెల వచ్చే పోయే బళ్ళను చూసేవాడు. రెండో నెల ఈగలను చూశాడు. మూడో నెలనించి ఏం చూసేవాడో ఎవరికీ తెలియదు. చివరికి కూతురు వచ్చి తీసుకెళ్ళింది. అప్పట్నించీ కుర్చీ ఖాళీగా ఉంది.

"తిట్టి ఉంటే బాగుండేదిరా. బాబాయ్ అంటూనే కుర్చీ వేసింది" అన్నాడు.

శుక్రవారం పెట్టెను బండికి ఎక్కించాం. దానికో రబ్బరు మూతి ఉంది, అద్దానికి నొక్కితే పట్టుకోవాలి. ఐసు బండి అద్దం ఎప్పుడూ చెమటలు కక్కుతుంటుంది కనక ప్రతి గుంటకీ ఊడి బావ ఒళ్ళో పడింది. నాలుగోసారికి గోనె సంచి దారంతో పక్క అద్దం కడ్డీకి కట్టేశాం. సంతలో మేకను కట్టినట్టు వేలాడుతూ మాట్లాడటం మొదలుపెట్టింది. అది మాట్లాడే భాషలో బావకు అర్థమయ్యేవి రెండే మాటలు, లెఫ్టు, రైటు.

"రెండు మాటలు చాలా బావా?"

"మీ అక్క మాటల్లో నాకు అర్థమయ్యేవి అన్ని కూడా లేవురా. కాపురం నడవట్లేదూ?"

మొదట దాని మాట అస్సలు వినలేదు. అది లెఫ్టు అంటే ఈయన రైటు తిప్పి, "తెలుసమ్మా, నువ్వు పుట్టకముందునించీ తెలుసు" అనేవాడు. అది టింగుమని కాసేపు మాట్లాడకుండా ఉండేది, అలిగినట్టు. చేపల మార్కెట్టు అయ్యాక ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రం ఓ విచిత్రం జరిగింది. పెట్టె పాత టాకీసు సందులోంచి వెళ్ళమంది. బావ కళ్ళు వెలిగాయి.

"విన్నావా? అది నా దారి. తుమ్మెదగాడి ఫోను ఒక్కసారైనా చెప్పిందా ఈ దారి?"

"ఎలా చెబుతుంది బావా. టాకీసు పడగొట్టి సందుకడ్డంగా గోడ కట్టి మూడేళ్ళయింది."

"నాకు తెలీదా. పాపం, అదింకా గుర్తుపెట్టుకుందిరా" అంటూ సందులోకి తిప్పి, గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

చౌకగా ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది. పెట్టెలో ఉన్నది పాత ఊరు. బావ బుర్రలో ఉన్నదీ అదే. మధ్యాహ్నానికి ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. పడిపోయిన సబ్బుల ఫ్యాక్టరీ దగ్గర లెఫ్టు తీసుకోమని అది చెప్పడం, "అవును కదా" అని ఈయన తిప్పడం, ఎదురుగా గోడ రావడం, ఇద్దరూ వెనక్కి రావడం. వెనక నా ఐసు కరిగిపోతోంది.

"దీనికి నా వయసే ఉంటుందిరా" అన్నాడు ముచ్చటగా.

"సోమవారం వెళ్ళాల్సింది కొత్త టౌనుకి బావా. అది మీ ఇద్దరి వయసులోనూ లేదు."

ఆ మాటకి మొహంలో నవ్వు పోయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా పెట్టె ఒక్కటే మాట్లాడుకుంది.

బండిలో ఉంచితే ఎవరైనా కొట్టేస్తారని రాత్రికి పెట్టెను ఇంటికి తెచ్చాడు. మా ఇళ్ళు పక్కపక్కనే, మధ్యలో ఒకే గోడ. నేనూ వెనకాలే వెళ్ళాను. మా అక్క చొక్కాల కంపెనీకి కాలర్లు కుడుతుంది. ముందు గదిలో మిషను, చుట్టూ తెల్ల కాలర్ల గుట్ట. బావ పెట్టెను తీసుకెళ్ళి మిషను బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"దీనికీ అన్నం వడ్డించమంటావా?" అంది అక్క.

"ఇది నాకు దారి చెబుతుందే."

"నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాగా. అదృష్టవంతురాలు, దానికి వినే మొగుడు దొరికాడు."

"దీని దారులూ నా దారులూ ఒకటే. ఎంత కలిసిందనుకున్నావ్."

"గోడలకి గుద్దుకునే దారులేగా. దొందూ దొందే" అంటూ దారం తెంపి, తల తిప్పి పెట్టె అద్దంలోకి చూసింది. చూసి, కళ్ళద్దాలు సవరించుకుని, ఇంకా దగ్గరికి వంగింది.

"ఏంటీ కుట్టు?"

"ఏ కుట్టు?" అన్నాం ఇద్దరం.

అద్దం మీద సన్నగా చుక్కల గీత ఉంది. పొద్దుట్నించీ పక్కనే కూర్చున్నా నా కంటికి ఆనలేదు. గుడ్డ మీద చుక్కల గీత వెంట కత్తెర నడిపించే మనిషి కనక ఆమె కంటికి చటుక్కున ఆనింది. సూది మొన ఆనీ ఆనకుండా పెట్టి గీత వెంట నడిపించడం మొదలుపెట్టింది.

"ఇది మీ ఫ్యాక్టరీ. ఇది చేపల మార్కెట్టు. ఇదిగో, టాకీసు సందులోకి వెళ్ళి వెనక్కొచ్చారు. ఇది ఆసుపత్రి. ఏమయ్యా, ఇక్కడేంటి ఇంత ముడి పడింది? దారం ఇక్కడే గజిబిజిగా తిరిగిందే?"

ఆ ముడి పడ్డ చోటు బస్సు డిపో వెనక టీ కొట్టు. అక్కడో క్యారంబోర్డు ఉంది. ప్రతి రోజూ మధ్యాహ్నం ఖాళీ వ్యానుతో వచ్చేటప్పుడు బావ అక్కడ అరగంట ఆడతాడు. బండి కదలకుండా ఒకేచోట ఉంటే ఈ పెట్టె ఊరికే ఉండలేదు, ఉన్నచోటే కోడి గీరినట్టు గీరుతుంది. ఆ సంగతి మాకప్పటికి తెలియదు.

"అక్కడ సిగ్నలు పడింది" అన్నాడు బావ.

"ఇంత ముడి పడే సిగ్నలా? ఏరా, నువ్వు చెప్పు."

నేను ఫ్యాను వైపు చూశాను. అది తిరగట్లేదు కూడా.

"క్యారమ్స్ మానేశానని నా మీద ఒట్టేశావుగా" అంది అక్క తాపీగా, మళ్ళీ మిషను తొక్కుతూ. అరిచి ఉంటే తప్పించుకునేవాడు. తాపీగా అంటే దారి లేదు.

బావ పెట్టె వైపు కొరకొరా చూశాడు. "ఇది దారి చెప్పే పెట్టె కాదురా. చాడీలు చెప్పే పెట్టె" అన్నాడు. అని, దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మొహం మారింది. "ఒరేయ్, అంటే మనం వెళ్ళిందంతా ఇందులో ఉండిపోతుందా?"

"ఉంది కదా బావా, కుట్టేసినట్టు."

"ఆరిపోదా?"

ఏమడుగుతున్నాడో ముందు నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. "మనం తుడిస్తే తప్ప ఆరదు బావా."

బావ లేచి నిలబడ్డాడు. "అయితే ఆదివారం ఖాళీ బండేసుకుని పోదాం. ఆ కొత్త టౌన్లో ఒక్కసారి దారి వెతికి పట్టుకున్నామంటే చాలు, చారిక ఇందులో ఉండిపోతుంది. సోమవారం గీత మీద గీత నడిపించడమే. నా కుర్చీ ఎవడికి కావాలో వాడు తీసుకుపోవచ్చు."

"నేనూ వస్తా" అంది అక్క. "ఏ ముడి ఎందుకు పడిందో నాకూ తెలియాలిగా."

ఆదివారం ముగ్గురం బయల్దేరాం. అక్క మధ్యలో కూర్చుంది, ఒళ్ళో క్యారేజీ. వంతెన మీద బావ గేరు తగ్గిస్తే, "దిగమంటావా?" అంది. బావ గబుక్కున గేరు పెంచాడు.

హైవే దాటేసరికి పెట్టె అద్దం తెల్లబోయింది. రోడ్లు లేవు, పేర్లు లేవు. తెల్ల కాగితం మీద చీమలా మా బాణం గుర్తు ఒక్కటే పాకుతోంది, వెనకాల చుక్కల తోక. పెట్టె నోరు కూడా పడిపోయింది. దాని పాత ఊరు అక్కడితో అయిపోయింది.

"నీ స్నేహితురాలికి మాట పడిపోయింది" అంది అక్క.

"మాట్లాడకపోయినా రాసుకుంటోంది, చాలు" అన్నాడు బావ.

తర్వాత జరిగిందంతా చెప్పను. ఒక సర్కిల్ చుట్టూ తిరిగాం. దాంట్లోంచి బయటపడి వెళ్ళి వెళ్ళి మళ్ళీ ఓ సర్కిల్లోకి వచ్చాం.

"ఈ నీళ్ళ ట్యాంకర్ని ఇందాకా చూశాం" అంది అక్క.

"అది వేరే ట్యాంకరు."

"దాని మీద కాకి కూడా వేరేదేనా?"

బావ ఇంకో రోడ్డు పట్టుకున్నాడు. దాంతో మూడోసారి అదే కాకి దగ్గరికొచ్చాం. సగం కట్టిన ఓ గోడ నీడన ఆగి క్యారేజీ విప్పుకుని తిన్నాం. అక్కడ అక్క కాసేపు పడుకుంది కూడా. చివరికి ఓ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ కనిపించాడు. ఆయన్ను దారి అడిగాను. లేవకుండానే చెయ్యి చాపి చూపించాడు. రెండు మలుపుల అవతలే మాకు కావలసిన చోటు. నేను తిరిగొచ్చి బండెక్కాక కూడా బావ ఆ వాచ్‌మన్ కుర్చీనే చూస్తూ ఉన్నాడు. దాని కాళ్ళు నాలుగూ సమానంగానే ఉన్నాయి. అయినా చూశాడు.

ఆ చోటికి చేరగానే, "గుడ్డ అయిపోయింది, ఇక దారం తెంపు" అంది అక్క. గీత గీయడం ఆపే మీట ఎక్కడుందో వెతికి నొక్కాను. బావ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడట. గురక గోడ ఇవతలికి వినిపించింది.

సోమవారం ఏడున్నరకి నలభై దిమ్మలతో కదిలాం. ఊక దట్టంగా పోశాను, గోనెలు రెండు వరసలు కప్పాను. నా నడుం అక్కడే విరిగింది. హైవే దాటేసరికి ఎనిమిదీ ఇరవై. పెట్టెను కట్టు విప్పి నా ఒళ్ళో పెట్టుకున్నాను. అద్దం మళ్ళీ తెల్లబడింది. ఈసారి మాత్రం ఆ తెలుపు మీద నిన్నటి గీత ఉంది. మా బాణం ఆ గీత మీదికెక్కింది.

"ఉందారా గీత?"

"ఉంది బావా. రైలు పట్టాలెక్కినట్టుంది. ఎడమకి. ఇంకొంచెం. ఇప్పుడు."

బావ ఈల వేస్తున్నాడు. సర్కిల్ వచ్చింది. గీత చుట్టూ తిరిగింది, మేమూ తిరిగాం. గీత బయటికెళ్ళింది, మేమూ వెళ్ళాం. మళ్ళీ సర్కిల్. గీత మళ్ళీ తిరిగింది.

"బావా, మనం తిరుగుతూనే ఉన్నాం."

"గీత ఎటుంది?"

"గీతా తిరుగుతోంది."

"అయితే తిరుగుదాం. గీత తప్పామంటే మళ్ళీ మొదటికే వస్తాం."

ఈల ఆగిపోయింది. గడియారం ఎనిమిదీ ముప్పై అయిదు చూపిస్తోంది. వెనక నీళ్ళ చప్పుడు టపటపా పెరుగుతోంది. బావ మెడ మీద చెమట. ఆయన చూపు రోడ్డు మీద ఉంది గానీ, చూస్తున్నది గేటు దగ్గరి కుర్చీనని నాకు తెలుసు. మూడో చుట్టులో ఉన్నట్టుండి బ్రేకు కొట్టాడు. నా తల అద్దానికి తగిలింది.

"ఆ నీళ్ళెవరివిరా?"

ఎదురుగా తెల్లటి రోడ్డు మీద తడి చారిక. ఒకటి కాదు, రెండు, పక్కపక్కన. ఒకటి ఆరుతోంది, ఒకటి ఇంకా మెరుస్తోంది. సర్కిల్ చుట్టూ గాజుల్లా ఉన్నాయి.

"మనవే బావా."

ఇద్దరం కాసేపు వాటినే చూశాం. ట్యాంకరు మీద కాకి మమ్మల్ని చూసింది.

"మనం నిన్న దీని చుట్టూ మూడుసార్లు తిరిగాం కదా" అన్నాను.

బావ నుదురు కొట్టుకున్నాడు. "నేను నిన్న చేసిన తప్పులన్నీ ఒక్కటి కూడా వదలకుండా రాసిపెట్టుకుందన్నమాట. ఇన్నాళ్ళూ మీ అక్క ఒక్కతే అనుకున్నా."

అప్పుడు నేను నవ్వకూడదు. నవ్వాను. ఆయనకూ నవ్వొచ్చింది గానీ, వెనక నీళ్ళ చప్పుడు వినపడి ఆపుకున్నాడు.

"ఈ గీతంతా నడిస్తే మధ్యాహ్నం ఆ గోడ నీడన క్యారేజీ కూడా తినాలిరా. చెప్పు, మీ అక్కయితే ఏం చేస్తుంది? దారం చిక్కు పడితే?"

"చిక్కుని పట్టుకు లాగదు బావా. ముడికి ఇవతలా అవతలా చూసుకుని, మధ్యది కత్తిరించి పారేస్తుంది."

"అదే చెయ్. గీతని గీత ఎక్కడ దాటుతుందో చూడు. అక్కడికి రాగానే లోపలికెళ్ళే గీత వదిలేసి, ఆఖరికి బయటికొచ్చిన గీత పట్టుకో."

చెప్పినంత తేలికా? చిన్న అద్దం, పెద్ద వేలు, నా వేలు కింద రెండు సర్కిళ్ళు మాయమవుతున్నాయి. చొక్కా జేబులోంచి బీడీ తీసి దాని మొనతో గీత వెంట వెళ్ళాను, అక్క సూదితో వెళ్ళినట్టు. సర్కిల్ ముడి దొరికింది. దానికవతల ఓ చోట కోడి గీరినట్టుంది, అది క్యారేజీ తిన్న చోటు. మధ్యలో పెద్ద చుట్టు, తిరిగి తిరిగి కాకి దగ్గరికే వచ్చింది. అన్నీ వదిలేస్తే మిగిలింది వేలెడు.

"రెండో రోడ్డు బావా. నేరుగా పో. గోడ దగ్గర ఆగకు. కుడికి."

"ఇక్కడ గీత ఎడమకి పోయింది కదరా నిన్న."

"పోయి తిరిగొచ్చింది. కుడికే తిప్పు."

తిప్పాడు. నిన్నటి వాచ్‌మన్ కుర్చీ కనిపించింది. ఎంత సంతోషమనిపించిందో, బావ కూడా మొదటిసారి ఓ కుర్చీని చూసి సలాం కొట్టాడు. ఇంజినీరు గేటు ముందు బండి ఆపేటప్పటికి ఎనిమిదీ యాభై రెండు.

ఇంజినీరు వచ్చి గోనె పైకెత్తి చూశాడు. గేదె గేదెలానే దిగింది. కొంచెం నీరసంగా ఉంది, అంతే. ఆయన మా యజమానురాలికి ఫోన్ చేసి, "వచ్చిందండీ, ఐసు లాగానే వచ్చింది" అన్నాడు. నలభై దిమ్మలు దింపాక నేను నేల మీద అలాగే కూలబడ్డాను. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు.

"ఇవాళ నీ కష్టం కనపడిందిరా" అన్నాడు.

"తొడల్లోనా బావా?"

"బీడీ మొనలో."

తిరిగొచ్చేటప్పుడు పెట్టెను చూడాల్సిన పని లేకుండానే నడిపాడు. ఆ సర్కిల్ రాగానే వేలు చూపించి, "ఇదిగో, ఇది మన నీళ్ళు మనమే తొక్కిన సర్కిల్" అన్నాడు. నాకు నిశ్చింత అనిపించింది. కుక్క కరవకపోయినా, కొత్త టౌన్లో బావకు ఓ గుర్తు దొరికింది. ఇంకా నాలుగు తప్పులు జరిగితే టౌనంతా ఆయనదే.

ఆ వారంలోనే పెట్టెలో ఇంకో సదుపాయం బయటపడింది. మనకు కావలసిన చోట బొమ్మ గుర్తు పెట్టుకోవచ్చు. అక్షరాలైతే నేను నొక్కాలి, బొమ్మలైతే బావే పెట్టుకోగలడు. ఇక ఆయన్ను పట్టలేకపోయాం. చేపల మార్కెట్టుకి చేప పెట్టాడు, అది సరే. ఆసుపత్రికి గుడారం పెట్టాడు, "వెళ్ళినవాళ్ళు నాలుగు రోజులుంటారు కదా" అని. కుక్క కరిచిన సందుకి పెట్టడానికి కుక్క బొమ్మ లేదు. జింకను పెట్టాడు. "నాలుగు కాళ్ళున్నాయిగా, చాలు." వంతెన మీద ఏం పెట్టాలో తేలక అక్కనే అడిగాడు. అక్క బొమ్మలన్నీ చూసి, నడిచిపోతున్న మనిషి బొమ్మ మీద వేలు పెట్టింది.

టీ కొట్టు దగ్గర మాత్రం ఏ గుర్తూ లేదు. మధ్యాహ్నం అటు వెళ్ళేముందు బావ గీత గీయడం ఆపే మీట నొక్కుతాడు. ఆ మీట నేర్పింది నేనే. అక్కకి చెప్పకండి.

ఓ రోజు తుమ్మెద ఫోను పాడైంది. కొత్త టౌనుకి వెళ్ళాలని మా పెట్టె అరువు తీసుకుపోయాడు. గంటకల్లా తిరిగొచ్చాడు, ఐసుతో సహా.

"ఏంటి పెద్దాయనా ఇది? జింక దగ్గర ఎడమకి తిరగాలా, గుడారం దగ్గరా? ఇది ఊరా, అడవా?"

"మరి నా ఊరు అలాగే ఉంటుంది" అన్నాడు బావ.

ఆ గొడవ విని యజమానురాలు బయటికొచ్చి పెట్టెను చేతిలోకి తీసుకుంది. బావ కాస్త వెనక్కి జరిగాడు. మంగళవారం దాటిపోయి మూడు వారాలైనా, పెద్ద వ్యాను మీదేనని ఆవిడ ఇంకా నోటితో అనలేదు. అందుకని ఆవిడ గేటు వైపొస్తే చాలు, బావ గుండె మొదటి గేర్లోకి వెళ్ళిపోయేది. ఆవిడ ఒక్కో బొమ్మనీ నొక్కి చూసి, ఒక చోట ఆగింది.

"బాబాయ్, ఈ పుర్రె బొమ్మ మన ఫ్యాక్టరీ దగ్గరుంది."

బావ తల గోక్కున్నాడు.

"మన గేటు మీదే ఉంది. ఇక్కడ ప్రమాదం ఏముంది?"

బావ నన్ను చూశాడు. నేను ఫ్యాను కోసం వెతికాను, ఆరుబయట ఫ్యానెక్కడుంటుంది.

"కుర్చీ ఉందమ్మా" అన్నాడు.

ఆవిడ తల తిప్పి కుర్చీని చూసింది. పొట్టి కాలు, ఇటుక ముక్క, దాని మీద రెండు ఈగలు. చాలాసేపు చూసింది. నవ్వాపుకుంటోందో ఏమో గానీ పెదవులు బిగబట్టి ఉన్నాయి. తర్వాత తుమ్మెదను పిలిచి, ఆ కుర్చీ తీసుకెళ్ళి స్టోరు గదిలో పడెయ్యమంది. పెట్టెను బావ చేతిలో పెట్టింది.

"ఇక ఆ పుర్రె తీసేయండి బాబాయ్. త్వరగా కదలండి, మీ బండిలో ఐసు కరిగిపోతోంది."

మీ బండి అంది. బావ ఆ మాట విన్నాడు. విననట్టు నటిస్తూ ఎక్కి తాళం తిప్పాడు. గేటు దాటాక పుర్రె తీసేయనా బావా అని అడిగాను.

"ఉండనీరా. స్టోరు గది కూడా అక్కడే కదా" అన్నాడు, పక్క అద్దంలోంచి వెనక పడుతున్న చారికను చూసుకుంటూ.